నెల్లూరు ఎండ వార్మప్‌కు బదులు కాదు

వేసవిలో మైదానానికి వచ్చే కుర్రవాళ్లలో ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "మనూళ్లో ఎండకే ఒళ్లు కాగిపోతా ఉంటే, ఇంకా వార్మప్ ఎందుకు సార్?" పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పని చేసిన కాలంలోనూ ఈ మాట విన్నాను, ఇప్పుడు నెల్లూరులో కానిస్టేబుల్ పరీక్షకు సిద్ధమయ్యేవారికి ఉదయం పూట పరుగు నేర్పుతున్నప్పుడూ వింటున్నాను. దీన్ని బద్ధకస్తుడి సాకుగా తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. రోహిణి కార్తెలో మన దగ్గర తెల్లవారి ఆరు గంటలకే, గాలిలోని సముద్రపు తేమ వల్ల, నాలుగడుగులు వేస్తే చొక్కా వీపుకు అతుక్కుంటుంది. అలాంటి చోట ఒంటిని ఇంకా వేడెక్కించుకోమంటే ఎదురుప్రశ్న రావడం సహజమే. దానికి సరైన సమాధానం చెప్పాలంటే వార్మప్‌లో శరీరం లోపల జరిగేదేమిటో కాస్త వివరంగా చూడాలి. అందులో ఎండ చేసిపెట్టగలిగింది ఎంత, చేయలేనిది ఎంత అన్నది అప్పుడే తేలుతుంది.

మనిషి విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె నుంచి బయలుదేరే రక్తంలో దాదాపు ఐదో వంతు మాత్రమే ఎముకలను కదిలించే కండరాలకు చేరుతుంది. ఒళ్లు మరచి పరుగెత్తేటప్పుడు ఆ వాటా 80 శాతం దాకా పెరుగుతుంది. పని చేసే కండరాల్లోని సన్నని రక్తనాళాలు విచ్చుకోవడానికి, గుండె, ఊపిరితిత్తులు ఆ అవసరాన్ని అందుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. విశ్రాంతిలో ఉన్న తొడ కండరం శరీరం లోపలి 37 డిగ్రీల కంటే కొంచెం చల్లగానే ఉంటుంది. అది ముడుచుకుంటూ సాగుతూ పని చేస్తున్నప్పుడు పుట్టే వేడితోనే దాని ఉష్ణోగ్రత త్వరగా పెరుగుతుంది. కండరం ఒక్క డిగ్రీ వేడెక్కితే, వేగమూ బలమూ కావలసిన పనుల్లో సామర్థ్యం 2 నుంచి 5 శాతం వరకు పెరుగుతుందని పరిశోధకులు లెక్కగట్టారు. వెచ్చబడిన శరీరంలో నాడీ సంకేతాలు వేగంగా సాగుతాయి, రక్తంలోని హిమోగ్లోబిన్ తాను మోసుకొచ్చిన ప్రాణవాయువును కండరానికి సులభంగా వదులుతుంది, కీళ్ల నడుమ ఉండే జిగట ద్రవం పలచబడి కీలు సాఫీగా కదులుతుంది.

ఎండలో ఊరికే నిలబడ్డవాడి ఒంట్లో జరిగేది ఇది కాదు. అక్కడ పని ఎక్కువగా చర్మానిది. శరీరం తనను తాను చల్లబరచుకోవడానికి రక్తాన్ని చర్మం వైపు మళ్లిస్తుంది, చెమట పట్టిస్తుంది. తొడ వెనుక కండరం ఈలోగా ఒక్కసారైనా పూర్తి నిడివికి సాగలేదు, చీలమండ ఒక్కసారైనా బరువు మోస్తూ వంగలేదు, పరుగులో ఏ కండరం ఏ క్షణంలో బిగియాలో, ఏది సడలాలో నాడీమండలం ఒక్కసారైనా సరిచూసుకోలేదు. ఎండ ఇచ్చేది వేడిలో కొంత భాగం. కదలిక ఇచ్చే సిద్ధత అందులో లేదు. చెమటను చూసి ఒళ్లు సిద్ధమైందనుకునేవారే మొదటి వంద మీటర్ల పరుగులో తొడ పట్టుకుని ఆగిపోవడం నేను ఎక్కువగా చూశాను. బండలాగుడు పోటీకి తెచ్చిన ఒంగోలు గిత్తలు మే నెల ఎండలో నిలబడి ఉన్నా సరే, వాటిని కాసేపు నడిపించకుండా నేరుగా బండకు కట్టే రైతు నాకు ఇంతవరకు కనబడలేదు.

అలాగని ఆ కుర్రవాడి ప్రశ్నలో నిజం లేదనలేను. ఎండ వల్ల వార్మప్ అవసరం పోదు గానీ దాని నిడివి మారుతుంది. ధనుర్మాసపు చలిలో పావుగంట, ఇరవై నిమిషాలు చేసే పనిని వేసవిలో ఎనిమిది, పది నిమిషాలకు కుదించుకోవచ్చు. నీడలో చేసుకోవచ్చు, ముందే నీళ్లు తాగవచ్చు. ఇక్కడ దూరాన్ని బట్టి కూడా తేడా ఉంది. వంద మీటర్ల పరుగుకూ లాంగ్ జంప్‌కూ కండరం బాగా వేడిగా ఉండటం మేలు చేస్తుంది, ఎందుకంటే ఆ పని కొన్ని సెకన్లలో ముగిసిపోతుంది. 1600 మీటర్ల పరుగుకు అలా కాదు. శరీరం లోపలి వేడి ఒక స్థాయి దాటితే అలసట ముందుగానే కమ్ముకొస్తుంది కాబట్టి, వేసవిలో దూరపు పరుగుకు ముందు అరగంట సేపు చెమటోడ్చడం అంటే పరుగులో వాడుకోవలసిన శక్తిని గీత దగ్గరే పారబోసుకోవడమే. ఒకే వార్మప్‌ను అన్నింటికీ చేయించే శిక్షకులతో నాకు పేచీ ఇక్కడే వస్తుంది.

ఇంకొక పేచీ స్ట్రెచింగ్ గురించి. మన బడుల్లో వ్యాయామం అనగానే ముందు వరుసగా నిలబెట్టి, నడుము వంచి బొటనవేళ్లు తాకించి, ఆ భంగిమలోనే లెక్కపెట్టించడం అలవాటుగా సాగిపోతోంది. కదలకుండా నిలబడి కండరాన్ని సాగదీస్తే గాయాలు తగ్గుతాయన్న నమ్మకం దీనికి మూలం. ఆస్ట్రేలియా సైన్యంలో కొత్తగా చేరిన 1538 మందిపై జరిగిన ఒక అధ్యయనం 2000 సంవత్సరంలో వెలువడింది. రెండు బృందాలూ మామూలు వార్మప్ చేశాయి. ఒక బృందం మాత్రం అదనంగా కాళ్లలోని ఆరు ముఖ్య కండరాల సమూహాలను ఒక్కొక్కటి 20 సెకన్ల చొప్పున సాగదీసింది. పన్నెండు వారాల శిక్షణ ముగిశాక చూస్తే కాలి గాయాల్లో రెండు బృందాల మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. పైగా ఒకే కండరాన్ని నిమిషానికి మించి అలా సాగదీసి పట్టుకుంటే, ఆ తర్వాత కాసేపు దాని బలమూ ఎగిరే శక్తీ కొద్దిగా తగ్గుతాయని వేరే పరిశోధనల్లో తేలింది. అర నిమిషం లోపు అయితే నష్టం దాదాపు లేదు. కాబట్టి స్ట్రెచింగ్‌ను నిషేధించనక్కరలేదు. బాగా బిగుసుకుపోయిన పిక్కలు ఉన్నవారు కొద్దిసేపు సాగదీసుకోవచ్చు, వంగే గుణం పెంచుకోవాలనుకునేవారు వ్యాయామం అయ్యాక తీరికగా చేసుకోవచ్చు. అదొక్కటే చేసి వార్మప్ అయిపోయిందనుకోవడమే పొరపాటు.

తొడ వెనుక కండరం ఎప్పుడు చిరుగుతుందో తెలిస్తే ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. వేగంగా పరుగెత్తేటప్పుడు కాలు ముందుకు దూసుకుపోతుంది. పాదం నేలను తాకడానికి కొద్దిగా ముందు, ఆ కాలి వేగాన్ని వెనుక కండరం సాగుతూనే అదుపు చేయాలి. సాగడం, లాగి పట్టుకోవడం రెండూ ఒకేసారి జరిగే ఆ రెప్పపాటులోనే ఎక్కువ చిరుగుళ్లు జరుగుతాయి. నిలబడి బొటనవేలు తాకడం ఆ కండరానికి ఈ పనిని అలవాటు చేయదు. వేగం పెంచుకుంటూ పోయే పరుగు ఒక్కటే అలవాటు చేయగలదు.

బ్రిటన్‌కు చెందిన శిక్షకుడు ఇయాన్ జెఫ్రీస్ 2007లో వార్మప్‌ను దశలుగా విడదీసి చెప్పిన పద్ధతిని, అందులోని పనుల ఇంగ్లిష్ పేర్ల తొలి అక్షరాలు కలిపి, ఇప్పుడు చాలా దేశాల్లో ర్యాంప్ అని పిలుస్తున్నారు. ముందు ఒంటి వేడినీ గుండె వేగాన్నీ పెంచడం, తర్వాత అవసరమైన కండరాలను మేల్కొల్పడం, కీళ్లను వాటి పూర్తి పరిధిలో కదిలించడం, చివరగా చేయబోయే పనినే దాని అసలు తీవ్రతకు దగ్గరగా చేసి చూడటం. నేను చేయించేది కూడా సుమారుగా ఇదే. ట్రాక్ మీద ఒకటి రెండు చుట్లు, పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరుగు. ఆ తర్వాత తుంటి దగ్గర నుంచి కాలిని ముందుకూ వెనక్కూ పక్కకూ ఊపడం, పొడవాటి అడుగు వేసి మోకాలు వంచుతూ ముందుకు నడవడం, మోకాళ్లు నడుము ఎత్తుకు లేపుతూ కొంత దూరం, మడమలు పిరుదులకు తగిలేలా కొంత దూరం పరుగెత్తడం, మునివేళ్ల మీద చిన్నగా ఎగరడం. ఇదంతా అయ్యాక అరవై మీటర్ల లోపు మూడు, నాలుగు పరుగులు, మొదటిది సగం వేగంతో, తర్వాతిది ముప్పాతిక వేగంతో, చివరిది దాదాపు పూర్తి వేగంతో. ప్రతి పరుగు తర్వాత నడుస్తూ వెనక్కి రావాలి. చాలామంది మొదటి భాగాన్ని శ్రద్ధగా చేసి ఈ చివరి పరుగుల్ని ఎగ్గొడతారు, అలిసిపోతామని. నా అనుభవంలో వదులుకోకూడనిది ఈ చివరి భాగమే. సమయం మరీ తక్కువగా ఉంటే మొదటి చుట్లను కుదించుకోమంటాను గానీ దీన్ని కాదు.

మైదానానికి వచ్చే అమ్మాయిల గురించి ఇక్కడొక మాట చెప్పాలి. గోడ మీద కూర్చుని చూసేవాళ్ల ముందు కాళ్లు ఊపడానికీ, ఎగరడానికీ సిగ్గుపడి, వాళ్లు నడక తర్వాత నేరుగా పరుగులోకి దిగుతుంటారు. దోషం వాళ్లది కాదు. ఒకరిద్దరుగా కాక నలుగురైదుగురు వరుసగా నిలబడి చేస్తే ఆ బెరుకు చాలావరకు పోతుంది, గోడ మీద ఉన్నవారిని దిగి వచ్చి చేయమని పిలిస్తే మిగిలిందీ పోతుంది.

గాయాల నివారణకు గట్టి ఆధారాలున్న వార్మప్‌లలో ఫుట్‌బాల్ క్రీడాకారుల కోసం ఫిఫా వైద్య పరిశోధనా విభాగం, ఓస్లోలోని క్రీడా గాయాల పరిశోధనా కేంద్రం తదితరులు కలిసి 2006లో రూపొందించిన 'ఫిఫా 11 ప్లస్' ఒకటి. ఇరవై నిమిషాల్లో ముగిసే ఈ క్రమంలో 15 వ్యాయామాలు ఉంటాయి: ఎనిమిది నిమిషాలు నెమ్మది పరుగుతో కూడిన కదలికలు, పది నిమిషాలు బలం, ఎగరడం, ఒంటికాలి మీద నిలకడ, చివరి రెండు నిమిషాలు వేగమైన పరుగు, దిశ మార్చడం. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల మధ్య వయసున్న 1892 మంది బాలికలతో జరిపిన అధ్యయనం 2008లో వెలువడింది. ఈ వార్మప్ చేసిన జట్లలో మొత్తం గాయాలు సుమారు మూడో వంతు తగ్గాయి, తీవ్రమైన గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. కాలి గాయాలను మాత్రమే విడిగా తీసుకున్నప్పుడు తగ్గుదల కనిపించినా అది గణాంకాల పరీక్షకు గట్టిగా నిలబడలేదన్న సంగతి కూడా ఆ పరిశోధకులే రాశారు. ఇందులో నాకు ముఖ్యంగా తోచేది ఏమిటంటే, ఈ క్రమంలో సగం సమయం వేడెక్కడానికి కాక బలానికీ నిలకడకూ, ఎగిరి దిగినప్పుడు మోకాలు లోపలికి వాలకుండా చూసుకోవడానికీ కేటాయించారు. ఆ ఫలితం ఒక్క రోజు వార్మప్‌ది కాదు, వారానికి రెండు మూడు సార్లు నెలల తరబడి చేసినప్పుడు వచ్చిన శక్తిది.

ఆ పదిహేనింటిలో ఒకదానికి పరికరం ఏదీ అక్కరలేదు. మోకాళ్ల మీద నిలబడితే వెనుక నుంచి ఒకరు చీలమండలను గట్టిగా పట్టుకుంటారు. నడుము వంచకుండా, ఒంటిని మోకాళ్ల నుంచి తల దాకా నిటారుగా ఉంచి, వీలైనంత నెమ్మదిగా ముందుకు వాలి, ఇక ఆపుకోలేనప్పుడు చేతులతో నేలను అందుకోవాలి. దీన్ని నార్డిక్ వ్యాయామం అంటారు. శిక్షణలో దీన్ని క్రమంగా చేర్చిన ఫుట్‌బాల్ జట్లలో తొడ వెనుక కండరపు గాయాలు సుమారు సగం తగ్గాయని పలు అధ్యయనాలు కలిపి చూసినప్పుడు తేలింది. మోకాళ్ల కింద మడిచిన తువ్వాలు ఉంటే మన ఎర్రమట్టి మైదానంలోనైనా చేసుకోవచ్చు. కొత్తగా మొదలుపెట్టినవారికి మొదటి వారం తొడలు బాగా నొప్పిపుడతాయి కాబట్టి, పోటీ దగ్గర పడ్డాక తొలిసారి ప్రయత్నించకూడదు.

వార్మప్ చేసిన ఫలితం ఎంతసేపు నిలుస్తుందన్నది మన ప్రాంతపు ఆటల్లో పెద్ద సమస్య. ఒళ్లు చల్లబడటానికి పావుగంట, ఇరవై నిమిషాల విశ్రాంతి చాలు. సంక్రాంతికి మన ఊళ్లలో లైట్ల వెలుగులో రాత్రి పొద్దుపోయే దాకా కబడ్డీ పోటీలు జరుగుతాయి. సాయంత్రమే వచ్చి పేరు రాయించుకున్న జట్టు ఉత్సాహంగా ఒళ్లు వెచ్చబరచుకుంటుంది, ముందున్న ఆటలు సాగిపోవడంతో గంటసేపు మంచులో దుప్పటి కప్పుకుని కూర్చుంటుంది, మైకులో పిలుపు రాగానే దుప్పటి విసిరేసి నేరుగా కోర్టులోకి దిగుతుంది. మొదటి కూతకు వెళ్లినవాడు గీత దగ్గర కాలు చాచి, పట్టుపడే లోపల ఒక్కసారిగా వెనక్కి తిరుగుతాడు. మోకాలు మెలితిరగడానికి ఇంతకంటే అనువైన క్షణం ఉండదు. నిర్వాహకులు తర్వాత ఆడబోయే జట్టు పేరును ఒక ఆట ముందే ప్రకటించి, కోర్టు పక్కన పది గజాల జాగా వదిలితే చాలు. అది జరగనప్పుడు జట్టు నాయకుడే ముందు ఆట రెండో సగం మొదలవగానే తనవాళ్లను లేపాలి. బయట కూర్చున్న అదనపు ఆటగాళ్లను అందరూ మరచిపోతారు. అందరికంటే చల్లబడిన ఒంటితో దిగేది వాళ్లే.

కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలోనూ ఇదే చిక్కు. పురుషులకు 1600 మీటర్లు 8 నిమిషాల్లో, 100 మీటర్లు 15 సెకన్లలో, లాంగ్ జంప్ 3.80 మీటర్లు, మహిళలకు ఇవే 10 నిమిషాల 30 సెకన్లు, 18 సెకన్లు, 2.75 మీటర్లు. పత్రాల పరిశీలన, ఎత్తు, ఛాతీ కొలతల వరుసలో చాలాసేపు నిలబడ్డాక గీత దగ్గరికి ఎప్పుడు పిలుస్తారో తెలియదు. కాబట్టి ఇంటి దగ్గర పూర్తి వార్మప్ చేసి రావడం వల్ల ప్రయోజనం లేదు. వరుసలో ఉన్నంతసేపు మడమలు ఎత్తి దించడం, చీలమండలు తిప్పడం, ఉన్నచోటే మోకాళ్లు లేపడం ఎవరికీ అడ్డుకాని పనులు. పిలుపు దగ్గర పడ్డాక రెండు చిన్న పరుగులు వేస్తే సరిపోతుంది. 1600 మీటర్లకు వస్తే, 8 నిమిషాలంటే 400 మీటర్ల చుట్టుకు 2 నిమిషాలు. ఇది సాధన చేసినవారిని భయపెట్టే వేగం కాదు. మొదటి చుట్టును కాస్త అదుపుగా పరుగెత్తితే అదే చాలావరకు వార్మప్ పని చేస్తుంది. మొదటి రెండు వందల మీటర్లు గుంపుతో పాటు దూకుడుగా వెళ్లేవాళ్లే మూడో చుట్టులో డొక్క పట్టుకుంటారు. వంద మీటర్లలో అలా సర్దుకునే వీలు లేదు, అందుకే దాని ముందు చేసే పరుగుల్ని ఎట్టి పరిస్థితుల్లోనూ మానకూడదంటాను.

ఉదయం షటిల్ ఆడే పెద్దవాళ్ల సంగతి వేరు. ఆఫీసుకు టైమవుతుందన్న తొందరలో బండి దిగీ దిగగానే రాకెట్ అందుకుంటారు. మడమ వెనుక ఉండే అకిలిస్ స్నాయువు తెగడం ముప్పై నుంచి యాభై ఏళ్ల మధ్య వయసు మగవారిలో, వారంలో ఒకటి రెండు రోజులు ఆడేవారిలో ఎక్కువ. వెనక్కి వెళ్లిన కాలితో ముందుకు ఒక్కసారిగా నెట్టుకున్నప్పుడు, ఎవరో వెనుక నుంచి తన్నినట్టు అనిపించి కూలబడతారు. వీళ్లు కనీసం అయిదు నిమిషాలు నడక, నెమ్మది పరుగు, మునివేళ్ల మీద లేచి దిగడం చేసి, మొదటి ఆటను పాయింట్లు లేకుండా ఆడాలి. ఛాతీలో బిగువు, ఎడమ చేతిలోకి పాకే నొప్పి, మామూలు కంటే ఎక్కువ ఆయాసం వార్మప్‌లోనే కనిపిస్తే ఆట ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గ్యాస్ అనుకుని సోడా తాగి మళ్లీ కోర్టులోకి దిగేవాళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు.

ఇంత చెప్పాక వార్మప్ కాపాడలేని గాయాల గురించి కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. నోటిఫికేషన్ పడగానే, అప్పటిదాకా కోచింగ్ సెంటర్లో కూర్చుని చదివినవాళ్లు ఒక్కసారిగా రోజూ పొద్దునా సాయంత్రమూ పరుగు మొదలుపెడతారు. వారాంతంలో మైపాడు బీచ్‌కో కొత్తపట్నం బీచ్‌కో వెళ్లి మెత్తటి ఇసుకలో పరుగెడితే బలం వస్తుందని ఎవరో చెబుతారు. ఇసుకలో మడమ లోతుగా దిగడం వల్ల పిక్కల మీదా అకిలిస్ స్నాయువు మీదా భారం పెరుగుతుంది. రెండు మూడు వారాలు తిరిగేసరికి మోకాలి కింద ముందు ఎముక లోపలి అంచున నొప్పి మొదలవుతుంది. ఎముకా స్నాయువూ కండరమంత త్వరగా బలపడవు. వాటికి నెలలు కావాలి. దూరాన్ని వారం వారం కొద్దికొద్దిగా పెంచుకోవడం, పరుగు లేని రోజులు పెట్టుకోవడం, సరిపడా నిద్రపోవడం తప్ప దీనికి వేరే నివారణ లేదు. ఎంత చక్కని వార్మప్ చేసినా శరీరం మోయలేనంత పని పెడితే గాయం తప్పదు. ఒకసారి తొడ కండరం చిరిగినవారికి మళ్లీ చిరిగే ముప్పు మిగతావారి కంటే ఎక్కువన్నది కూడా గుర్తుంచుకోవాలి. నొప్పి తగ్గిందని పదో రోజున వంద మీటర్ల పరుగుకు దిగేవాణ్ణి వార్మప్ ఒక్కటే ఆపలేదు, నా కేకలు కూడా ఆపలేవు.

అయితే ఆ నొప్పిని ముందుగా పసిగట్టడానికి వార్మప్ బాగా పనికొస్తుంది. నెమ్మది పరుగులో కాలు బిగుసుకున్నట్టు ఉండి, కదిలేకొద్దీ సడలిపోతే సాధారణంగా కంగారు పడనక్కరలేదు. వేగం పెంచేకొద్దీ ఒకే చోట నొప్పి పదునెక్కుతుంటే ఆ రోజుకు వేగమైన పరుగు మానేసి నడకతో సరిపెట్టుకోవాలి. మోకాలి కింది ముందు ఎముక మీద వేలి కొనంత జాగాలో నొక్కితే ప్రాణం లేచొచ్చేంత నొప్పి ఉండి, రాత్రి పడుకున్నప్పుడు కూడా సలుపుతుంటే అది ఎముకలో సన్నని చీలిక కావచ్చు; తైలం రాసి కట్టు కట్టుకుని పరుగు కొనసాగించకూడదు, ఎముకల డాక్టరుకు చూపించాలి. ఇలాంటి చీలిక మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కాబట్టి, ఫిల్మ్‌లో ఏమీ లేదన్నారని మర్నాడే మైదానానికి రాకుండా, నొప్పి తగ్గకపోతే మళ్లీ చూపించుకోవాలి, అవసరమైతే ఎమ్మారై స్కాన్ గురించి డాక్టరునే అడగాలి.